పెట్టె కదల్లేదు, మరి ఘర్షణ 82 ఎట్ల వచ్చింది?

కనగల్_అక్క
మా తమ్ముడు నల్లగొండల ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మొన్న వాళ్ల కాలేజీ వారం టెస్టుల ఒక లెక్క ఇచ్చిన్రు. 20 కిలోల పెట్టె నేల మీద ఉన్నది. స్థైతిక ఘర్షణ (వస్తువు కదలనప్పటి ఘర్షణ) గుణకం 0.5. పెట్టెకు తాడు కట్టి, నేలకు 37 డిగ్రీల కోణంల పైదిక్కు 60 న్యూటన్లతోని లాగుతున్నరు. పెట్టె మీద ఘర్షణ బలం ఎంత? జీ విలువ 10 తీసుకోమన్నరు. మావోడు 48 పెట్టిండు. కీల 82 ఉన్నది. నాలుగు మార్కులు పోయినయి, పైకెల్లి మైనస్ ఒకటి. అడగవోతే "ఘర్షణ అంటే మ్యూ ఎన్, పోయి కూసో" అన్నరట. నేను బీఎస్సీ చేసిన గని బీజెడ్‌సీ, ఫిజిక్స్ ఇంటర్‌తోనే ఇడిసిపెట్టిన. వాడు నిన్నటి సంది అదే లెక్క పట్టుకొని కూసున్నడు. ఎవరిది కరెక్టో జర చెప్పున్రి.

ఫార్ములా_భాయ్
82 కరెక్టే. అభిలంబ బలం (ఎన్, అంటే నేల పెట్టెను పైకి ఆనే బలం) = 200 − 60 సైన్ 37 = 200 − 36 = 164. దాన్ని మ్యూతోని, అంటే గుణకం 0.5తోని గుణిస్తే 82. మీ తమ్ముడు 60 కాస్ 37 చేసి 48 రాసిండు. అది లాగే బలం, ఘర్షణ కాదు. కోణం చూడకుండ ఉరికేటోడు 100 రాస్తడు, కోణం చూసెటోడు 82 రాస్తడు, గదే ఆ లెక్కల మెలిక.

హాస్టల్_సాంబార్
నేను కూడ 82 అనే అనుకున్న.

వాలుతలం
భాయ్, ఒక్క ముచ్చట చెప్పు. ముందుకు గుంజేది 48. వెనక్కి గుంజేది 82. పెట్టె ఎటు పోవాలె?

బత్తాయి_రసం
వెనక్కి! మా బీరువాకు తాడు కట్టి గుంజితే అది గోడ పలగ్గొట్టుకొని పక్కింట్ల పడాలె.

ఫార్ములా_భాయ్
ఎగతాళి కాదు. ఘర్షణ ఎప్పుడు చలనానికి వ్యతిరేకంగనే ఉంటది, అది వస్తువును నూకదు. 82 అనేది దాని విలువ.

వాలుతలం
"అది నూకదు" అని నువ్వే అన్నవు, 82 అని కూడ నువ్వే అంటున్నవు. రెండు ఒక్కకాడ నిలవవు. పెట్టె మీద అడ్డంగ ఉన్న బలాలు రెండే: తాడు లాగే 48, నేల పట్టే ఘర్షణ. ఘర్షణ 82 అయితే నికర బలం 34, అదీ వెనక్కి. 20 కిలోల పెట్టెకు 1.7 త్వరణం వెనక్కి రావాలె. న్యూటన్ రెండో నియమాన్ని కాదంటే తప్ప ఇది తప్పించుకోలేవు.

మ్యూ ఎన్ అనేది స్థైతిక ఘర్షణ విలువ కాదు, దాని గరిష్ఠం. అకాడమీ పుస్తకంల కూడ "కంటే తక్కువ లేదా సమానం" గుర్తు ఉంటది, పిల్లలు దాన్ని రాసుకునేటప్పుడు సమానం ఒక్కటే మిగులుతది. నేను ఇంటర్ పిల్లలకు చెప్తుంట, ఈ గుర్తు దగ్గర ఆగి చెప్పకపోతే తర్వాత వాలు తలాలు, దిమ్మె మీద దిమ్మె, గోడ లెక్కలు అన్నీ వంకర పోతయి. చేసే వరస ఇట్ల ఉండాలె. పెట్టె కదల్లేదు అనుకో. కదలకుండ ఉండటానికి ఘర్షణ ఎంత కావాలె? 48. నేల ఎంత దాకా ఇయ్యగలదు? 82. 48 అందుల పడ్తది, కాబట్టి పెట్టె కదలదు, ఘర్షణ 48. కావాల్సింది 82 దాటినట్టు వస్తే "కదల్లేదు" అనుకున్న మాట కొట్టేసి గతిక ఘర్షణతోని (కదిలేటప్పటి ఘర్షణతోని) మళ్ల మొదలుపెట్టాలె.

అక్కా, మీ తమ్ముడిది కరెక్టు.

కిరాణం_శీనన్న
మా దుకాణంల ఒకాయనకు ఐదు వేల దాకా ఉద్దెర రాస్త. రోజు వచ్చి అరకిలో చక్కెర కొంచపోతడు. అట్లని రోజూ ఐదు వేలు బాకీ రాస్తనా? గింతే కదా సారూ?

వాలుతలం
గింతే శీనన్నా. రేపటి సంది క్లాసుల మీ పేరు చెప్పి వాడుకుంట.

ఫార్ములా_భాయ్
సరే, మరి పోటీ పరీక్షలల్ల ఎందుకు మ్యూ ఎన్ అని చేస్తరు? నేను చేసిన లెక్కలల్ల సగానికెక్కువ మ్యూ ఎన్‌తోనే వస్తయి.

వాలుతలం
వాటి మాటలు మళ్ల చదువు. "కదలబోయే స్థితిలో ఉంది", "కదిలించడానికి కావలసిన కనిష్ఠ బలం", "జారకుండా ఉండే గరిష్ఠ కోణం". ఇవన్నీ ఘర్షణ చివరంచుకు వచ్చిందని చెప్పే మాటలు, అక్కడ సమానం పెట్టొచ్చు. ఈ లెక్కల అట్లాంటి మాట ఒక్కటీ లేదు. ఉట్టిగ 60 న్యూటన్లు అన్నరు. అప్పుడు పోల్చి చూడాల్సిందే.

హాస్టల్_సాంబార్
సార్, మరి ఇదే పెట్టె ఎప్పుడు కదులుతది? కోణం అదే 37.

వాలుతలం
నువ్వే చెయ్యి. లాగే బలాన్ని ఎఫ్ అనుకో. అడ్డంగ 0.8 ఎఫ్, పైకి 0.6 ఎఫ్. ఎఫ్ పెంచినకొద్దీ ముందుకు లాగేది పెరుగుతది, నేల గరిష్ఠం తగ్గుతది. రెండు ఎక్కడ కలుస్తయో అక్కడ కదులుతది.

హాస్టల్_సాంబార్
0.8 ఎఫ్ = 0.5 × (200 − 0.6 ఎఫ్). 1.1 ఎఫ్ = 100. ఎఫ్ = 90.9 న్యూటన్లు. వచ్చింది!

వాలుతలం
ఇంకో అడుగు. గతిక ఘర్షణ గుణకం 0.4 అనుకో. అదే 90.9తోని గుంజుతనే ఉన్నవు. కదిలినంక అభిలంబ బలం 145.5, ఘర్షణ 58.2. ముందుకు 72.7. మిగిలింది 14.5. 20తోని భాగిస్తే 0.73 మీటర్ల త్వరణం. మొండికేసిన పెట్టె ఒక్కసారి కదిలినంక చెయ్యి జారినట్టు ముందుకు వచ్చేది ఇందుకే.

మిర్యాల_బియ్యం
మాది మిర్యాలగూడల మిల్లు పని. చదువు టెన్త్ కాడనే ఆగింది గని ఈ ముచ్చటల నాకు మాట ఉన్నది. బస్తాలు పేర్చిన తట్టను (అడుగున పెట్టే పలకను) కదిలియ్యాలంటే కొత్త పోరగాళ్లు పైకెల్లి వంగి నూకుతరు. ఎంత నూకినా కదలదు, ఆ పోరనికి మాత్రం కాళ్లు జారుతయి. పాత హమాలీలు తట్టకు ముందు మోకు కట్టి, మోకును భుజం మీదికెల్లి తెచ్చి ముందుకు వంగి గుంజుతరు. జర పైకి లేసినట్టు వస్తది. తవుడు పడ్డ గచ్చు మీద అయితే ఇంక అలకగ వస్తది, కాకపోతే మనిషి కాలు కూడ జారుతది, గదొక్కటే తక్లీబ్.

కనగల్_అక్క
మా తమ్ముని పుస్తకంల గిదే ప్రశ్న ఉన్నది: "లాన్ రోలర్‌ను నెట్టడం కంటే లాగడం సులభం, ఎందుకు?" వాడు దాన్ని బట్టీ పట్టిండు, బొమ్మతో సహా. లాన్ రోలర్ అంటే ఏందిరా అంటే తెల్వదన్నడు.

బత్తాయి_రసం
నల్లగొండల లాన్ ఎక్కడున్నది చెల్లె, లాన్ రోలర్ చూడనీకి? ఇంటి ముందట కంప చెట్లు, ఎనక గుట్ట.

వాలుతలం
క్రికెట్ పిచ్ మీద గుంజుతరు చూడు, ఆ ఇనుప గుండు. సూటిగ చెప్పాలంటే రోలర్‌కు పనిచేసేది దొర్లుడు ఘర్షణ, జారుడు కాదు. అభిలంబ బలం తగ్గితే రెండూ తగ్గుతయి కాబట్టి జవాబు నిలుస్తది. మిర్యాల అన్న చెప్పిన తట్ట ముచ్చటే పరీక్షకు అసలైన బొమ్మ. దానికి అంకెలు పెడ్త చూడున్రి.

100 కిలోల తట్ట, గుణకం 0.5, జీ 10. నేలకు సమాంతరంగ గుంజితే 500 న్యూటన్లకు కదులుతది. 37 డిగ్రీలు పైకి గుంజితే 500ను (0.8 + 0.3)తోని భాగించాలె, 454.5 వస్తది. అదే 37 డిగ్రీలు కిందికి వంగి నూకితే 500ను (0.8 − 0.3)తోని భాగించాలె. 1,000.

హాస్టల్_సాంబార్
రెండింతల కంటే ఎక్కువ!

వాలుతలం
ఇంకా ఉన్నది. నూకేటోడు 60 కిలోల మనిషి అనుకో. వాడు తట్టను 1,000 న్యూటన్లతోని కిందివాలుగ నూకితే, తట్ట వాణ్ని అంతే బలంతోని పైవాలుగ నూకుతది. అందుల పైకి పోయే భాగం 600. వాని బరువు 600. అంటే వాని కాళ్ల కింద అభిలంబ బలం సున్న. నేల మీద ఆనకుండ తేలుతున్నట్టే లెక్క. కాళ్లకు ఘర్షణ ఎక్కడికెల్లి రావాలె? గుంజేటోనికి తిరగేసి ఉంటది. తాడు వాణ్ని కిందికి 273తోని అదుముతది, కాళ్ల కింద 873 అయితది, ముందుకు కావాల్సింది 364. వాని కాళ్లకు గుణకం 0.42 ఉంటే చాలు. మిర్యాల అన్నా, మీ కొత్త పోరగాళ్ల కాళ్లు జారేది తవుడు వల్ల ఒక్కటే కాదు.

మిర్యాల_బియ్యం
గిది మా మేస్త్రికి చూపియ్యాలె. ఇరవై ఏండ్ల సంది "వంగి నూకకురా" అని తిడ్తడు గని ఎందుకో చెప్పడు.

పాలమూరు_పోరడు
నాదొక సందేహం. 63 డిగ్రీలు దాటినంక కిందికి నూకితే ఎంత బలం పెట్టినా కదలదని ఒక వీడియోల చెప్పిండు. ఎంత బలమైనా అంటే లారీ పెట్టి నూకినా సుత?

వాలుతలం
సుత. పైన భాగించింది ఏంది? కాస్ − 0.5 సైన్. కోణం పెరిగినకొద్దీ అది చిన్నగై, టాన్ విలువ 2 దగ్గర సున్న అయితది. గుణకం 0.5కు ఆ కోణం 63.4 డిగ్రీలు. అది దాటితే నువ్వు పెంచిన ప్రతి న్యూటన్ ముందుకు ఇచ్చేదానికంటే గరిష్ఠాన్ని ఎక్కువ పెంచుతది. లారీ పెడితే నేల పగులుతది, తట్ట నలుగుతది, జారదు.

ఫార్ములా_భాయ్
అయితే గుంజేటప్పుడు ఎంత కోణం పెడితే తక్కువ బలం పడ్తది? దానికి ఫార్ములా ఉన్నది: టాన్ కోణం = మ్యూ. కనిష్ఠ బలం = మ్యూ ఎంజీ (ఎంజీ అంటే బరువు) బై రూట్ ఆఫ్ (1 + మ్యూ స్క్వేర్). గిదన్నా ఒప్పుకుంటరా?

వాలుతలం
ఇది నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఇక్కడ కదలబోయే స్థితి కాబట్టి సమానం పెట్టుడు న్యాయమే. 0.5కు కోణం 26.6 డిగ్రీలు, బలం 447.

పాలమూరు_పోరడు
37 కాడ 454, 26 కాడ 447. ఏడు న్యూటన్ల కోసం ఇంత లొల్లా? ఏడు న్యూటన్లంటే ముప్పావు కిలో బరువు సుత కాదు. ఉన్న తాడు పొడుగును బట్టి గుంజుకోవుడే.

జడ్చర్ల_జంక్షన్
పోరడు అన్నది పని మనిషి మాట. కనిష్ఠం దగ్గర వంపు చదునుగ ఉంటది, అటు పది ఇటు పది డిగ్రీలు పోయినా పెద్ద నష్టం లేదు. పరీక్షల మాత్రం ఆ ఏడు న్యూటన్లకే ర్యాంకు పోతది.

రిటైర్డ్_ఇంజినీర్
ఈ చర్చ చూసినంక రాయకుండ ఉండలేకపోయిన. నేను నీటిపారుదల శాఖల పనిచేసి దిగిపోయిన. మనందరికీ దగ్గరున్న అతిపెద్ద స్థైతిక ఘర్షణ లెక్క నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు. రాతి కట్టడం, ఎత్తు 124 మీటర్లు. వెనక కృష్ణ నీళ్లు అడ్డంగ నూకుతుంటయి, కట్ట తన బరువుతోని నేలను పట్టుకొని నిలుస్తది. అందుకే దాన్ని గురుత్వ ఆనకట్ట అంటరు.

సాగర్ కొలతలు కాకుండ, లెక్కకు అలకగ ఒక ఉత్త ఆనకట్ట అనుకోండి. నీళ్లు 100 మీటర్ల లోతు. కట్ట పొడుగుల ఒక్క మీటరు ముక్క తీసుకుంటే నీళ్ల తోపు దాదాపు 5,000 టన్నులు. కట్ట అడుగు 75 మీటర్లు, కోత త్రికోణం, రాయి సాంద్రత నీటికి 2.4 రెట్లు అయితే ఆ ముక్క బరువు 9,000 టన్నులు. కావాల్సిన గుణకం 5,000 బై 9,000, అంటే 0.56. ఏం భయం లేదనిపిస్తది.

గని నీళ్లు కట్ట కింద పునాదిలకు కూడ ఊరుతయి. ఊరి, కిందికెల్లి పైకి ఎత్తుతయి. ఆపకపోతే ఆ ఎత్తుడు 3,750 టన్నుల దాకా పోతది. అప్పుడు నేల మీద పడే బరువు 5,250. కావాల్సిన గుణకం 0.95. తాడును పైకోణంల గుంజితే పెట్టె అభిలంబ బలం తగ్గినట్టు, ఇక్కడ నీళ్లే పైకి గుంజుతున్నయి. అందుకే ఆనకట్టల కడుపుల గ్యాలరీలు (సొరంగం లాంటి దారులు) పెట్టి, ఊట నీళ్లను బయటికి తోడుతరు. సందర్శకులు ఆ గ్యాలరీ చూసి కట్ట కారుతున్నదని భయపడ్తరు. నీళ్లు అట్ల బయటికి వస్తుంటేనే మాకు నిద్ర పట్టేది.

ఫార్ములా_భాయ్
సార్, ఆనకట్టను నేల మీద ఉత్తగ పెట్టరు కదా. బండను తొలిచి దాంట్ల కలిపి కడ్తరు. దాన్ని ఘర్షణ లెక్క అనుడు ఎట్ల?

రిటైర్డ్_ఇంజినీర్
మంచి ప్రశ్న. ఘర్షణ ఒక్కటే కాదు, బండకు కట్టడానికి మధ్య అతుకు బలం కూడ లెక్కల వేస్తం. రెండూ కలిపి, తోపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేటట్టు చూస్తం. గని అతుకు ఎక్కడన్న పగిలితే చివరికి మిగిలేది ఘర్షణే. అందుకే దాన్ని ముందు చూస్తం.

పాలమూరు_పోరడు
సార్, లెక్క మీది, తట్టలు మోసింది మావోళ్లు. దేశంల ఏ డ్యామ్ కాడికి పోయినా పాలమూరు లేబర్ చెయ్యి లేకుండ ఉండదు.

రిటైర్డ్_ఇంజినీర్
అది ఎవరూ కాదనరు తమ్మీ. పెద్ద బండను జరిపేటప్పుడు మీ వాళ్లు గడ్డపార ఒక అంచు కింద పెట్టి జరంత లేపి, అప్పుడే పక్కకెల్లి నూకమనేటోళ్లు. బండ పూర్తిగ లేవదు, నేల మీద ఆనిక తగ్గుతది అంతే. చదువుకున్న మేము దాన్ని కాగితం మీద చూపియ్యనీకి అరగంట పట్టేది.

వేదిక_పెద్ద
పెట్టె కాడ మొదలై డ్యామ్ దాకా వచ్చింది. ఇంకా ఘర్షణ మీదనే ఉన్నరు కాబట్టి కట్ చేస్తలేను. రాజకీయాల దిక్కు పోతే తాళం పడ్తది.

కనగల్_అక్క
మీరందరు చెప్పింది ప్రింట్ తీసి పంపిన. ఆ సార్‌కు చూపియ్యనీకి భయమై, ఇంకో సెక్షన్‌కు చెప్పే మేడమ్‌కు చూపిచ్చిండట. ఆమె చూసుడుతోనే 48 అన్నదట. మార్కులు మాత్రం కలుపలేదు, "ర్యాంకులు ముందే పంపినం" అన్నరట.

బత్తాయి_రసం
కాలేజీ ఘర్షణ గుణకం మస్తు ఎక్కువున్నది. ఎంత గుంజినా కదలదు.

ఫార్ములా_భాయ్
స్టెప్ మార్కులన్న ఇయ్యాలె. 164 దాకా పోయిండా లేదా అది చూడాలె.

హాస్టల్_సాంబార్
అక్కడ ఇచ్చేది నాలుగు ఆప్షన్లే భాయ్, స్టెప్పులు ఎక్కడియి?

జడ్చర్ల_జంక్షన్
బాదేపల్లి మార్కెట్ యార్డుకు మక్కలు, వడ్లు తెచ్చేటోళ్లు చూసే ఉంటరు. కుప్ప పోసినకొద్దీ పక్కలకు జారి ఒక వాలు కాడ నిలవడ్తది, ఇంకా పోస్తే ఎత్తు కాదు, అడుగు పెరుగుతది. ఆ వాలే విశ్రాంతి కోణం, దాని టాన్ విలువే గింజకు గింజకు మధ్య గుణకం. పచ్చి వడ్లు తెస్తే కుప్ప నిటారుగ నిలుస్తది. తేమ 17 శాతం దాటితే కొనరు కదా, మా నాయన మీటర్ పెట్టకముందే కుప్ప వాలు చూసి "ఇది ఆరలేదు" అంటడు. తడి గింజలు ఒకదానికొకటి అతుక్కుంటయి కాబట్టి అక్కడ ఉత్త మ్యూ చాలదు, అది వేరే ముచ్చట.

నేను అడగాలనుకున్నది వేరే. డీసీఎంల బస్తా ఎక్కియ్యనీకి పలక వాలుగ పెడ్తం. బస్తాను పలక వెంబడి గుంజాలెనా, అడ్డంగ నేలకు సమాంతరంగ నూకాలెనా? మా ఇంట్ల ఇద్దరు ఇద్దరు తీర్ల చెప్తరు.

వాలుతలం
పలక 37 డిగ్రీలు, బస్తా 50 కిలోలు, గుణకం 0.5 అనుకుందాం. బరువు 500. పలక వెంబడి కిందికి జారే భాగం 300, పలకను అదిమే భాగం 400, ఘర్షణ గరిష్ఠం 200. ఇడిసిపెడితే జారుతది.

ఎక్కియ్యాలంటే: పలక వెంబడి 300 + 200 = 500 న్యూటన్లు. అడ్డంగ నూకితే ఆ బలంల 0.8 వంతే పలక వెంబడి పోతది, 0.6 వంతు పలకను అదుముతది. 0.8 ఎఫ్ = 300 + 0.5 × (400 + 0.6 ఎఫ్). లెక్క కడితే 1,000.

జడ్చర్ల_జంక్షన్
అయితే మా అన్నది తప్పు, వెంబడి గుంజుడే మేలు.

వాలుతలం
ఆగు, తొందరపడి కొట్లాడకు. ఎక్కియ్యకుండ, మధ్యల దమ్ము తీసుకునేటప్పుడు జారకుండ ఆపుడు చూడు. ఇప్పుడు బస్తా కిందికి జారబోతున్నది కాబట్టి ఘర్షణ పైదిక్కు తిరిగి మనకు సాయం వస్తది. పలక వెంబడి ఆపితే 300 − 200 = 100 కావాలె. అడ్డంగ ఆనిస్తే 0.8 ఎఫ్ + 0.5 × (400 + 0.6 ఎఫ్) = 300. ఎఫ్ = 90.9. ఇక్కడ అడ్డంగ ఆనిచ్చుడే మేలు, అదిమినకొద్దీ ఘర్షణ పెరిగి మన దిక్కే పనిచేస్తది.

జడ్చర్ల_జంక్షన్
మా అన్న కింద నిలబడి మోకాలు ఆనిచ్చి ఆపుతడు! ఇద్దరం గెలిచినట్టే.

హాస్టల్_సాంబార్
సార్, బస్తాను నిలవెడితే గచ్చుకు తాకే జాగ తక్కువ కదా, ఘర్షణ తగ్గదా?

వాలుతలం
తగ్గదు. తాకే వైశాల్యంతోని సంబంధం లేదని ఫ్రాన్స్‌ల అమోంటన్స్ 1699లనే చెప్పిండు. జాగ తగ్గితే అక్కడ ఒత్తిడి అంత పెరుగుతది, రెండూ సరిపోతయి. కాకపోతే నిలవెట్టిన బస్తాను పైకెల్లి నూకితే జారేకంటే ముందు బోర్లపడ్తది.

హాస్టల్_సాంబార్
ఇంకొక్కటి. మా గైడుల ఉన్నది: 2 కిలోల దిమ్మెను నిలువు గోడకు, నేలకు 37 డిగ్రీల కోణంల పైవాలుగ నొక్కిపట్టిన్రు. గుణకం 0.5. దిమ్మె జారకుండ ఎఫ్ ఎంతెంత ఉండొచ్చు? జవాబు "20 నుంచి 100" అని ఉన్నది. నాకు 20 ఒక్కటే వస్తున్నది.

ఫార్ములా_భాయ్
గోడ మీద అభిలంబ బలం 0.8 ఎఫ్. మ్యూ ఎన్ అంటే 0.4 ఎఫ్. పైకి 0.6 ఎఫ్. కలిపితే 1.0 ఎఫ్ = 20. ఎఫ్ = 20. ఒక్క జవాబే వస్తది.

వాలుతలం
అది కిందికి జారబోయే అంచు, ఘర్షణ పైదిక్కు ఉన్నప్పుడు. మరీ గట్టిగ నొక్కితే దిమ్మె పైకి పోవాలని చూస్తది, అప్పుడు ఘర్షణ కిందికి తిరుగుతది. 0.6 ఎఫ్ − 0.4 ఎఫ్ = 20. ఎఫ్ = 100. ఈ రెండింటి మధ్య ఎంత నొక్కినా దిమ్మె కదలదు.

ఫార్ములా_భాయ్
అయితే మధ్యల, ఎఫ్ 50 అనుకుంటే అభిలంబ బలం 40, ఘర్షణ 20. ఇప్పుడు ఎటు దిక్కు? పైకా కిందికా?

బత్తాయి_రసం
మళ్ల గదే మ్యూ ఎన్!

హాస్టల్_సాంబార్
నేను చెప్త. 50ల పైకి పోయే భాగం 30. బరువు 20. పైకి 10 ఎక్కువున్నది. ఘర్షణ 10, కిందికి. గరిష్ఠం 20 కాబట్టి సరిపోతది.

వాలుతలం
శభాష్. ఎఫ్ 33.3 కాడ ఎంత?

హాస్టల్_సాంబార్
పైకి 20, బరువు 20. ఘర్షణ సున్న! గోడ గరుకుగ ఉన్నా, నొక్కుతున్నా సున్న.

ఫార్ములా_భాయ్
సున్న అనుడు నాకు ఇంకా జీర్ణమైతలేదు గని, 37 తీసేసి 20 డిగ్రీలు పెట్టి చేసిన. 0.34 ఎఫ్ − 0.47 ఎఫ్ = 20 అని వస్తున్నది. ఎఫ్ మైనస్‌ల పోతున్నది. గిదేంది?

వాలుతలం
అంటే పై అంచు లేదు. 20 డిగ్రీల టాన్ 0.36, గుణకం 0.5 కంటే తక్కువ. ఎంత గట్టిగ నొక్కినా పైకి జారదు. కింది అంచు మాత్రం ఉంటది, 24.6 చుట్టూ. అంతకంటే తగ్గితే కింద పడ్తది.

పాలమూరు_పోరడు
మళ్ల లారీ పెట్టి నూకినా?

వాలుతలం
గోడ ఉంటే.